ఫ్రాన్స్‌లో ఫ్రెంచి సాహిత్యంలో మాస్టర్ పట్టా పొందాలంటే ఏమేం పూర్తి చేయాలి?

అక్కడ మాస్టర్ రెండేళ్ల చదువు. నాలుగు సెమిస్టర్లలో, ఒక్కోదానికి 30 చొప్పున, మొత్తం 120 యూరోపియన్ క్రెడిట్లు సంపాదించాలి. చేరడానికి మూడేళ్ల డిగ్రీ కావాలి. మన దేశ విద్యార్థులు విదేశీ విద్యార్థుల కోసం ఫ్రాన్స్ నడిపే ప్రభుత్వ సంస్థ క్యాంపస్ ఫ్రాన్స్ ద్వారా దరఖాస్తు చేసుకుంటారు.

భాష విషయంలో మాత్రం తొందరపడకండి. ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లున్న యూరోపియన్ భాషా కొలమానంలో సాధారణంగా బి2 (నాలుగో మెట్టు) లేదా సి1 (అయిదో మెట్టు) స్థాయి అడుగుతారు. బి2తో సీటు దొరికినా, పదిహేడో శతాబ్దపు నాటకం మీద గంటల తరబడి పరీక్ష రాయాలంటే అది చాలదని నా అభిప్రాయం. సి1 చేరాకే వెళ్లండి. డెల్ఫ్, డాల్ఫ్ అనే ఫ్రెంచి భాషా పరీక్షల ధ్రువపత్రాలకు కాలపరిమితి లేదు. టీసీఎఫ్ అనే మరో ఫ్రెంచి పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుంది.

అసలు కష్టమంతా ‘మెమ్వార్’ అనే పరిశోధనా వ్యాసంలో ఉంది. పర్యవేక్షించే ఆచార్యుణ్ణి వెతుక్కోవాలి, ఆయన ఒప్పుకునే అంశం ఎంచుకోవాలి, రాసినదాన్ని పరీక్షకుల ముందు సమర్థించుకోవాలి. ఈ వ్యాసంలో కథాసారం చెబితే మార్కులు పడవు. రచన గురించి ఒక ప్రశ్న లేవనెత్తి, ఆ రచనలోని వాక్యాలతోనే వాదన నడపాలి. మన డిగ్రీ పరీక్షల అలవాటుతో వెళ్లేవారికి ఇదే కొత్త, కాబట్టి ఈ సాధన ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. మార్కులు 20కి వేస్తారు. 10 సగటు వస్తే ఉత్తీర్ణత. అక్కడ 14 చాలా మంచి మార్కు, చూసి దిగులుపడవద్దు.

వీటితోపాటు ఇంకో విదేశీ భాష కూడా చాలాచోట్ల పాఠ్యాంశంగా ఉంటుంది. ఆపై డాక్టరేట్ చేయాలనుకుంటే పరిశోధన ప్రధానంగా ఉన్న మాస్టర్‌నే ఎంచుకోండి.