‘మీ లక్షా ఎనభై నా దగ్గరే ఉంది’

ప్రశ్న: మాది నరసరావుపేట. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. నాతో ఇంటర్ చదివిన స్నేహితుడు హైదరాబాద్‌లో ఉంటున్నాడు. ఎన్నికల ఫలితాల మీద క్రిప్టో టోకెన్లు కొని అమ్మే విదేశీ సైటులో తనకు ఖాతా ఉందన్నాడు. బీజేపీకి సొంతంగా 272 సీట్లు వస్తాయన్న ‘అవును’ టోకెన్ కొంటే లాభం ఖాయమన్నాడు. 2024 మార్చి నుంచి మే 30 వరకు విడతలుగా రూ.4.60 లక్షలు యూపీఐలో పంపాను. ఫలితాల తర్వాత అంతా పోయిందన్నాడు. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు దాచిన డబ్బు అది. మా ఆవిడ నాతో సరిగా మాట్లాడటం లేదు. పదేళ్ల కిందట చిట్టీ హామీ కోసం అతను సంతకం చేసి ఇచ్చిన ఖాళీ ప్రోనోటు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. దాన్ని నింపి, చేబదులు ఇచ్చానని దావా వేయమని తెలిసినాయన ఒకరు చెబుతున్నారు. వేయవచ్చా? ఇంకో సందేహం: ఈ టోకెన్ల కిటుకు నాకూ అర్థమైంది. మిగిలిన లక్షతో నేనే ఖాతా తెరిచి మొదలుపెడితే చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు స్నేహం గురించే. కోర్టుకు పనికొచ్చే మాట ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. మీరు జతచేసిన వాట్సాప్ కాగితాల్లో ఏడోదాని అడుగున ఉంది. 2024 జూన్ 2, ఉదయం 9.14కి మీ స్నేహితుడు పంపిన మెసేజీ అది: ‘రాత్రి ఎగ్జిట్ పోల్స్‌తో రేటు బాగా పెరిగింది. ఇప్పుడు కొనడం దండగ. మీ లక్షా ఎనభై నా దగ్గరే ఉంది.’ దానికి మీరు బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నారు. ఉత్తరంలో ఆ మెసేజీ ఊసే లేదు. లెక్కల మాస్టారు ఈ లెక్క చూసుకోలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

మీ స్నేహితుడు మోసగాడా కాదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. మీరు పంపిన డబ్బులో ఎంత పందెంలో పడింది, ఎంత పడలేదు? మీ కేసంతా ఇంతే.

ఈ సైట్లలో ఒక్కో ప్రశ్నకు ‘అవును’, ‘కాదు’ అని రెండు టోకెన్లు ఉంటాయి. రెండూ కలిపితే ఒక డాలరు. ‘అవును’ 62 సెంట్లు పలుకుతోందంటే, అది జరిగే అవకాశం నూటికి 62 అని కొనేవాళ్లు అనుకుంటున్నారన్నమాట. ఫలితం తేలగానే ఒకటి డాలరవుతుంది, రెండోది సున్నా అవుతుంది. 2024 జూన్ 4న బీజేపీకి వచ్చినవి 240 సీట్లు. మీ ‘అవును’ సున్నా అయింది. దీన్ని టోకెన్ అన్నా, ట్రేడింగ్ అన్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ కళ్లకు ఇది పందెమే. పందెపు ఒప్పందం చెల్లదు. గెలిచిన సొమ్ము కోసం గానీ, ఫలితాన్ని బట్టి ఇవ్వమని మూడో మనిషి చేతిలో పెట్టిన సొమ్ము కోసం గానీ దావా నడవదు.

పందెం చెల్లదు గానీ నేరం కాదని, కాబట్టి దానికి అనుబంధంగా చేసుకున్న ఒప్పందం చెల్లుతుందని 1959లో ఘెరూలాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటర్నెట్‌లో సగం చదివినవాళ్లు ఈ తీర్పునే పట్టుకుని ‘మన తరఫున పందెం కాసిన ఏజెంటు లెక్క చెప్పి తీరాలి’ అంటుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ దారి ఇప్పుడు మూసుకుపోయినట్టే. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. ఆడించినవాడితోపాటు ఆడినవాడికీ శిక్ష ఉంది. నేరమైన పని మీద కట్టుకున్న అనుబంధ ఒప్పందానికి కోర్టు చేయూత ఇవ్వదు. కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో పంపిన రూ.2.80 లక్షలతో టోకెన్లు నిజంగా కొని ఉంటే ఆ సొమ్ము మీద ఆశ వదులుకోండి.

మే 29, 30 తేదీల్లో 90 వేల చొప్పున పంపిన లక్షా ఎనభై వేల సంగతి వేరు. అది పందెంలోకి వెళ్లలేదని అతనే రాసిచ్చాడు. చట్టవిరుద్ధమైన పని కోసం ఇచ్చిన డబ్బయినా, ఆ పని ఇంకా జరగకముందే వెనక్కి అడిగితే ఇప్పించవచ్చని సీతారాం - రాధాబాయి కేసులో సుప్రీంకోర్టు గుర్తించిన మినహాయింపు ఉంది. అవతలి వకీలు ఊరుకోడు. ‘ఇద్దరూ సమానంగా తప్పు చేశారు, పైగా ఈయన మనసు మార్చుకుని అడగలేదు, రేటు పెరిగిందని కొనుగోలు ఆగిందంతే’ అంటాడు. గెలుపు ఖాయమని నేను రాసివ్వను. అయితే ఆ రెండు చెల్లింపులకు యూపీఐ రిమార్కులో మీరు ‘యూఎస్‌డీటీ’ (డాలరు విలువతో నడిచే క్రిప్టో) అని మాత్రమే రాశారు. క్రిప్టో కొనడం మన దేశంలో నేరం కాదు. దావా నిలబడుతుంది.

ఇక ఆ ఖాళీ ప్రోనోటు. దాన్ని ముట్టుకోకండి. ప్రోనోటు చూపిస్తే డబ్బు ముట్టలేదని రుజువు చేసుకునే భారం అవతలివాడి మీద పడుతుందని మీకు సలహా ఇచ్చినాయనకు తెలుసు. ఆ తర్వాత జరిగేది ఆయనకు తెలియదు. చిట్టీ హామీకి ఇచ్చిన కాగితంలో వేరే అప్పు రాస్తే అది ఫోర్జరీ. దాన్ని కోర్టులో పెట్టి ప్రమాణం చేస్తే తప్పుడు సాక్ష్యం. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. పైగా మీ బ్యాంకు స్టేట్‌మెంటు మీరే ఒకసారి చూడండి. మార్చి 27 నాటి లక్ష రూపాయలకు ఎదురుగా రిమార్కు గడిలో ‘ఎలక్షన్ యెస్’ అని ఉంది. టైపు చేసింది మీ వేళ్లే. చేబదులు అని మీరు ప్రమాణం చేసిన పది నిమిషాలకు అవతలి వకీలు ఆ కాగితం మీ ముందు పెడతాడు. దాంతో లక్షా ఎనభై వేల కేసు కూడా పోతుంది. ఆ ప్రోనోటుకు అడ్డంగా రెండు గీతలు గీసి ‘రద్దు’ అని రాయండి.

పోలీసు ఫిర్యాదుకు కూడా తొందరపడవద్దు. ఇదంతా న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు జరిగింది కాబట్టి పాత ఐపీసీ కిందికే వస్తుంది. నమ్మకద్రోహమని రాసిన ఫిర్యాదులోనే మీరు పందెం కాశారన్న ఒప్పుకోలు కూడా ఉంటుంది. పోయిన సొమ్ము తెచ్చిపెడతాం, ముందు పది శాతం పంపమని టెలిగ్రామ్‌లో మీకు మెసేజీలు పెడుతున్నవాళ్లు రెండో విడత దొంగలు, అంతకంటే చెప్పడానికేమీ లేదు.

కాలపరిమితి: ఒకరి దగ్గర ఉండిపోయిన మన డబ్బు కోసం వేసే దావాకు, లిమిటేషన్ చట్టం 24వ అధికరణం ప్రకారం, అతనికి డబ్బు ముట్టిన రోజు నుంచి మూడేళ్లు. మీ గడువు 2027 మే 29, 30. మొదటిది శనివారం, రెండోది ఆదివారం, పైగా వేసవి సెలవుల కాలం. కోర్టు మూసి ఉంటే తెరిచిన రోజు వేయవచ్చని 4వ సెక్షన్ అంటుంది గానీ, ఆ దయ మీద బతకాలనుకునే కక్షిదారులను నేను చాలామందిని చూశాను. మీరు వాళ్లలో చేరవద్దు. జూన్ 2 మెసేజీతో గడువు మళ్లీ మొదలైందని వాదించవచ్చు కానీ, వాట్సాప్ మాటను సంతకం చేసిన ఒప్పుకోలుగా కోర్టు తీసుకుంటుందో లేదో అన్న జూదం మనకెందుకు?

సాక్ష్యం: పాత ఫోను అమ్మాయికి ఇచ్చేశానని, కొత్త ఫోనులోకి ఆ చాట్ రాలేదని ఎంత తేలిగ్గా రాశారండీ! మీ కేసు మొత్తం ఆ ఫోనులోనే ఉంది. ఈ రోజే వెనక్కి తీసుకోండి. అప్‌డేట్ చేయవద్దు, రీసెట్ చేయవద్దు, ఛార్జింగ్ పెట్టి బీరువాలో ఉంచండి. మీరు తీసిన ప్రింట్లు వట్టి కాగితాలు. ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య, అంటే హ్యాష్ విలువ కూడా రాయాలి. బ్యాంకు నుంచి ధ్రువీకరించిన స్టేట్‌మెంటు, ప్రతి చెల్లింపు రిఫరెన్సు నంబరు తీసుకోండి.

అన్నిటికంటే ముందు లాయరు నోటీసు, స్పీడ్ పోస్టులో. అందులో మూడు అడగండి: లక్షా ఎనభై వేలు, నోటీసు తేదీ నుంచి వడ్డీ, టోకెన్లు కొన్న వాలెట్ చిరునామా (క్రిప్టోకు ఖాతా నంబరు లాంటిది). రాసిచ్చిన ఒప్పందం లేనప్పుడు, అడిగిన నాటి నుంచే వడ్డీ ఇప్పించే వీలుంది కాబట్టి ఆ మాట నోటీసులో పడాలి. వాలెట్ చిరునామా ఎందుకంటే, అది దొరికితే ఏ రోజు ఎంతకు ఏ టోకెన్ కొన్నాడో క్రిప్టో లావాదేవీల బహిరంగ చిట్టా అయిన బ్లాక్‌చెయిన్‌లో ఎవరైనా చూడవచ్చు. 2.80 లక్షలు కూడా అసలు కొనలేదని తేలిందా, మీ దావా మొత్తం పెరుగుతుంది. అయితే ఆ చెల్లింపులకు గడువు 2027 మార్చి నుంచే ముగుస్తూ వస్తుంది. ఇవ్వనంటే దావా వేశాక సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డరు కింద అడిగించవచ్చు. డబ్బు నరసరావుపేట నుంచి వెళ్లింది కాబట్టి హైదరాబాద్ తిరగకుండా మీ ఊళ్లోనే దావా వేయవచ్చు.

మీ రెండో సందేహానికి జవాబు: వద్దు. డబ్బు పణంగా పెట్టే ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా అందులో లేదు. డబ్బుగా మారే టోకెన్లను కూడా పణంగానే లెక్కిస్తుంది. ఆడినవాడిని ఆ చట్టం శిక్షించదని మీకెవరో చెప్పినది నిజమే, కానీ మీ రాష్ట్ర చట్టం శిక్షిస్తుంది. అంతకంటే ముందే మీ జీతం ఖాతా ఆగిపోవచ్చు. ముక్కూ మొహం తెలియనివాడికి యూఎస్‌డీటీ అమ్మి యూపీఐ ద్వారా డబ్బు తీసుకుంటారు, అతను పంపినది ఏదో సైబర్ నేరం సొమ్ము అయి ఉంటుంది, ఏదో రాష్ట్రం పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద మీ ఖాతా స్తంభింపజేస్తారు. దాన్ని విడిపించే దరఖాస్తు అక్కడి మేజిస్ట్రేటు ముందు వేయాలి. లాభం వస్తే 30 శాతం పన్ను. ఒక టోకెన్‌లో నష్టాన్ని మరోదాని లాభంలోంచి తగ్గించుకోనివ్వరు.

ఫలితం ఎవరు తేలుస్తారో కూడా తెలుసుకోండి. 2025లో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ సూటు వేసుకుంటాడా అన్న ప్రశ్న మీద పాలీమార్కెట్ అనే ఇలాంటి సైటులో 20 కోట్ల డాలర్లకు పైగా చేతులు మారాయి. ఆయన నాటో సమావేశానికి వేసుకొచ్చింది సూటేనని చాలా పత్రికలు రాశాయి. తగవులు తేల్చడానికి వాడే వేరే టోకెన్ ఒకటి చేతిలో ఉన్నవాళ్లు ఓటు వేసి ‘కాదు’ అని తేల్చారు. అలాంటి తీర్పు మీద మీరు అప్పీలు చేసుకోవడానికి నరసరావుపేటలో కోర్టు లేదు.

నోటీసు వెళ్లేదాకా మీ స్నేహితుడికి ఫోన్ చేయకండి. అతనే చేస్తే, లెక్క ఏదైనా రాసి పంపమని మాత్రం చెప్పండి. ఈసారి బొటనవేలి బొమ్మ పెట్టవద్దు.