నలభై దాటిన ఆడవాళ్ళు బ్లూస్ హార్మోనికా నేర్చుకోగలరా? ఏ హార్మోనికా కొనాలి?

హార్మోనికా అంటే మన మౌత్ ఆర్గానే, బ్లూస్ అంటే అమెరికా నల్లవాళ్ళ సంగీతం. కొనే సంగతి ముందు చెప్పేస్తాను. పది రంధ్రాల డయటోనిక్ (ఒకే శ్రుతి స్వరాలకి కట్టిన రకం), సి కీ, అంటే సి శ్రుతిది, తీసుకోండి. నేను వాడేది హోనర్ మెరైన్ బ్యాండ్, 1896 నుంచి వస్తున్న మోడల్. వేరేది నచ్చినా పర్లేదు గానీ బొమ్మల దుకాణంలో దొరికేది మాత్రం వద్దు.

ఇక వయసంటారా, నేను మొదలుపెట్టేసరికి మా పెద్దమ్మాయి కాలేజీలో చేరిపోయింది. ఉండేది చికాగో శివార్లలో. ఏటా జూన్‌లో ఇక్కడ ఉచితంగా జరిగే బ్లూస్ ఫెస్టివల్‌కి పిల్లల్ని తీసుకెళ్ళి, నేనే తగులుకున్నాను. "ఈ వయసులో ఊపిరి సరిపోతుందా?" అని అడగని చుట్టం లేదు. అసలు గట్టిగా ఊదేవాళ్ళకే ఇది రాదండీ. బ్లూస్‌లో ఊదడం కన్నా పీల్చడమే ఎక్కువ, అదీ మెల్లగా.

చిన్నప్పుడు రాజమండ్రిలో అమ్మ పోరు పడలేక కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. అది ఇక్కడ అక్కరకొచ్చింది. సి హార్మోనికాని బ్లూస్ వాళ్ళు జి శ్రుతిలో వాయిస్తారు. అప్పుడు మూడో రంధ్రంలో గాలి పీలిస్తే అంతర గాంధారం. నాలుక వెనక భాగాన్ని కాస్త దించి నోట్లో ఖాళీ పెంచితే అదే స్వరం అర మెట్టు కిందున్న సాధారణ గాంధారానికి జారుతుంది. దీన్నే బెండింగ్ అంటారు. అసలైన బ్లూస్ గాంధారం ఆ రెండింటికీ మధ్యలో ఉంటుంది, కీబోర్డు మీద దానికి మెట్టే లేదు. గమకాలు పాడిన చెవికి అది వెంటనే పట్టుబడుతుంది. నాలుగో రంధ్రంలో పంచమం, వంచితే ప్రతిమధ్యమం. వర్ణాల దాకా పాడిన ఏ అమ్మాయైనా ఏడాదిలో బ్లూస్ వాయించగలదని నా గట్టి నమ్మకం. రుజువులు అడక్కండి.

సాధనంతా మెట్రా రైలు స్టేషన్ పార్కింగ్‌లో, కారు అద్దాలు ఎక్కించుకుని. ఇంట్లో వాయిస్తే మావారికి ఆఫీసు కాల్స్ ఉంటాయి. ఆయన గంటలకొద్దీ ఫోన్లో అరిస్తే మాత్రం ఎవరికీ ఇబ్బంది ఉండదు, అది వేరే సంగతి.

నేర్చుకోవడం ఒక ఎత్తు, నలుగురిలో వాయించడం ఇంకో ఎత్తు. చికాగో సౌత్ సైడ్‌లో ఒక బార్‌లో జామ్ (ఎవరైనా వచ్చి కలిసి వాయించే కచేరీ) ఉంటే వెళ్ళాను. అక్కడ కాగితం మీద పేరు, వాయిద్యం రాసుకుని వంతు వచ్చినప్పుడు పిలుస్తారు. నడిపే పెద్దమనిషి నన్ను చూసి, అడక్కుండానే నా పేరు పక్కన 'గాత్రం' అని రాసేశాడు. కొట్టేయించి హార్మోనికా అని రాయించాను. ఇక చూడండి, నా తర్వాత వచ్చిన హార్మోనికా కుర్రాళ్ళందరూ ఎక్కి దిగిపోయారు. నేను సోడా తాగుతూ కూర్చున్నాను. పదకొండు కావస్తుంటే పిలుపొచ్చింది.

గిటారాయన "ఇ (E) లో షఫుల్" అని, అంటే ఇ శ్రుతిలో ఊగుతూ సాగే బ్లూస్ నడక అని చెప్పి, నా వైపు తిరిగి, "ఇ అంటే నువ్వు 'ఏ' (A) కీ హార్మోనికా తీసుకోవాలమ్మా" అని విడమరిచాడు. అప్పటికే అది నా చేతిలో ఉంది. ఒక చేత్తో గుప్పిట్లో ఇమిడే బుల్లెట్ మైకు, రెండో చేత్తో హార్మోనికా కలిపి గాలి బయటికి పోకుండా బిగించి పట్టుకోవాలి. అప్పుడే ఆంప్లిఫైయర్‌లోంచి శాక్సోఫోన్ లాంటి మందపాటి నాదం వస్తుంది. చేతులు రెండూ అలా ఇరుక్కుపోయాయి కాబట్టి తాళం చెప్పుల్లో బొటనవేలితో వేసుకున్నాను. బ్లూస్ ఆవర్తనానికి పన్నెండు బార్లు (తాళం భాగాలు), బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. మొదటి ఆవర్తనంలో రెండో రంధ్రం షడ్జమాన్నే పట్టుకుని నిలబడ్డాను. రెండోసారి ఆ గాంధారాన్ని పైనుంచి కిందికి, చాలా నెమ్మదిగా జార్చాను. డ్రమ్స్ దగ్గరున్న ముసలాయన వాయింపు తగ్గించేసి, "ఇంకోటి కానీ" అన్నట్టు తలూపాడు. దిగాక నా దగ్గరికొచ్చి, ఆ స్వరం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. రాజమండ్రి అన్నాను. "మిసిసిపిలో అది ఏ వైపు?" అన్నాడు. బ్లూస్ పుట్టింది అక్కడే మరి.

ఆడమనిషి కనిపిస్తే పాడటానికే వచ్చిందనుకునే జబ్బు ఈనాటిది కాదు. బిగ్ మామా థార్న్‌టన్‌ని అందరూ గాయనిగానే తలుచుకుంటారు. ఆవిడ హార్మోనికా, డ్రమ్స్ రెండూ సొంతంగా నేర్చుకుంది. 1965 యూరప్ పర్యటన నాటి వీడియో ఒకటుంది, వెతికి చూడండి. బిగ్ వాల్టర్ హోర్టన్ లాంటి ఉద్దండుల మధ్య నిలబడి తనూ హార్మోనికా అందుకుంటుంది. లిటిల్ వాల్టర్‌ని వినొద్దని అనను, 1952లో ఆయన 'జ్యూక్' అమెరికాలో పాటల ఆదరణ చెప్పే బిల్‌బోర్డ్ ఆర్ అండ్ బి జాబితాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది, అందులో మాటే లేదు, అంతా హార్మోనికానే. కానీ ఆవిడ్ని కూడా వినండి.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. ఇక్కడ ఒక తెలుగు సంఘం వాళ్ళు సంక్రాంతికి వాయించమన్నారు. సంతోషపడ్డాను. తీరా చూస్తే పిల్లల డాన్సుకీ డాన్సుకీ మధ్య బట్టలు మార్చుకునేంత సేపు, అదీ సినిమా పాట! వెళ్ళలేదు.

అన్నట్టు, సి మీద చేయి తిరిగాక తర్వాత కొనాల్సింది 'ఏ' (A) కీ. గిటార్ వాళ్ళు ఇ వదిలిపెట్టరు.