తిండికి దూరమైన పిల్లకు బొమ్మలు గీయించడం వల్ల ఫలితం ఉంటుందా?

ఉంటుంది. హన్మకొండలో ఇంటర్ చదువుతూ అనొరెక్సియా (లావైపోతానన్న భయంతో తిండి మానేసే జబ్బు) బారిన పడిన నా కూతురి విషయంలో కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. అయితే బొమ్మ అన్నానికి బదులు కాదు. నెలసరి ఆగిపోయి, నాడి నిమిషానికి 50 లోపుకు పడిపోయినప్పుడు మేము ముందుగా చేయించింది ఈసీజీ, పొటాషియం పరీక్ష. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు నెలల తరబడి దాదాపు సగం తిండే పెట్టి చూస్తే, వాళ్లు కూడా దిగులులో కూరుకుపోయి పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించారట. ఒంట్లో శక్తి లేని పిల్ల చేత ఏ బొమ్మ గీయించినా లాభం లేదు.

కాస్త కోలుకున్నాక కౌన్సెలింగ్ మొదలుపెడితే, ఏమడిగినా "మంచిగనే ఉన్న" అన్న జవాబు తప్ప మరో మాట రాలేదు. అప్పుడు సైకాలజిస్టు నేలమీద పెద్ద కాగితం పరిచి, తన ఒళ్లు ఎంత ఉంటుందనుకుంటుందో అంత గీయమని మా అమ్మాయికి చెప్పారు. తర్వాత దాని మీదే పడుకోబెట్టి, నా చేతికి ఎర్ర స్కెచ్‌పెన్ను ఇచ్చి చుట్టూ గీయమన్నారు. మోచేయి దగ్గర పెన్ను ఎముకకు తగిలి ఆగింది. లేచి చూసుకుంటే, తను గీసిన గీతకూ నా గీతకూ మధ్య నడుము దగ్గర అటు బెత్తెడు, ఇటు బెత్తెడు ఖాళీ ఉంది. చాలాసేపు ఆ ఖాళీని వేలితో తడిమి, పెన్సిల్ అడిగి అందులో రాయడం మొదలుపెట్టింది. "ఏందే, ఇట్ల ఉబ్బినవ్" అని పెళ్లిలో ఒక బంధువు అన్న మాట. అందరి ముందూ ఒక లెక్చరర్ పెట్టిన పేరు. ఎడమ తుంటి పక్కన, "గిట్ల తింటె నిన్నెవలు చేసుకుంటరు" అని. ఆ చివరిది నాది. సంక్రాంతికి సకినాలు నూనెలో వేస్తూ నవ్వుతూ అన్నాను. నేను మరిచిపోయాను, తను మరవలేదు.

మన ఇళ్లలో శుభకార్యానికి వెళ్తే కుశల ప్రశ్నకన్నా ముందు ఒళ్లు కొలుస్తారు. లావైతే ఒక మాట, బక్కచిక్కితే "మస్తు సన్నబడ్డవ్" అని మెచ్చుకోలు. మా అమ్మాయి జబ్బును మొదటి నాలుగు నెలలు పెంచి పోషించింది ఆ మెచ్చుకోలే. ఇక కాలేజీ చూస్తే, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే తప్ప చేత్తో ఏదైనా చేసుకునే గంట ఒక్కటీ లేదు.

కాగితం తర్వాత ముద్ద పని చేయించారు. తెలంగాణలోని చేర్యాలలో చేసే రంగుల మాస్కులకు వాడినట్టే చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్ద. చపాతీ పిండి ముట్టుకోవడానికే భయపడే పిల్ల, మూడో వారానికి మోచేతుల దాకా పూసుకుని ఆ ముద్దను పిసికింది. వంటింట్లోకి తనంతట తాను రావడం ఆ తర్వాతే. దానికీ దీనికీ సంబంధం ఉందనే నా నమ్మకం.

మీరు ఇంట్లో రంగులు కొనిపెడితే ఒక్కటి పాటించండి. "ఇదేం బొమ్మ" అని అడగవద్దు, "భలే వేశావు" అని పొగడవద్దు, ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టవద్దు. మార్కుల కోసం ఒళ్లు హూనం చేసుకునే ఈ పిల్లలకు మెచ్చుకున్న బొమ్మ మరో పరీక్ష అవుతుంది.

ఇప్పటికీ నెలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్తాం. అంకె తనకు కనబడకుండా తూకం మిషన్‌కు వీపు పెట్టి నిలబడుతుంది. ఆ పెద్ద కాగితాన్ని చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, తన బీరువాలోనే దాచుకుంది.