ముందు బజారులో నిలబడు

అమ్మడూ,

విజయవాడలో టౌన్ ప్లానింగ్ చదువు అయిపోవచ్చిందని, పాత బజార్లు బాగుచేసే పనుల్లోకే వెళ్తానని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. బ్యాంకు పరీక్షలు రాయమని చెప్పవే అక్కా అని మీ అమ్మ నా చెవిలో పోరుతోంది. ఆ మాట నేను చెప్పనులే. మున్సిపాలిటీలో 30 ఏళ్ళు చేశాక నాకు తెలిసింది మాత్రం చెప్తాను.

మా తప్పుతోనే మొదలుపెడతా. ఒక ఊళ్ళో (పేరెందుకులే) మెయిన్ రోడ్డు మీద పూలు, కూరగాయలు అమ్ముకునేవాళ్ళని బస్టాండు వెనక కొత్త షెడ్లలోకి మార్చాం. సిమెంటు అరుగులు, కుళాయి, లైట్లు. రిబ్బన్ కత్తిరించి ఫోటోలు కూడా దిగాం. పది రోజులు తిరక్కుండానే అరుగుల మీద మేకలు పడుకున్నాయి, మనుషులు మళ్ళీ రోడ్డెక్కారు. పూలమ్మే ఆవిణ్ణి అడిగితే, "బస్సు దిగినోళ్ళు గుడి వైపు నడుస్తారు గానీ ఎనక్కి ఎవరొస్తారమ్మా?" అంది. మా డీపీఆర్‌లో, అంటే పనికి ముందు రాసే వివరమైన ప్రాజెక్టు నివేదికలో, రోడ్డు వెడల్పు సెంటీమీటర్లతో సహా ఉంది. జనం ఎటు నడుస్తారో ఒక్క ముక్క లేదు.

అందుకే, ఏ ఊళ్ళో పని ఒప్పుకున్నా గీతలు గీసేముందు వారం రోజులు ఆ బజారులో నిలబడు. తెల్లారుజామున సరుకు దిగేటప్పుడు, మళ్ళీ దీపాలు పెట్టే వేళ. ఆశీలు పాట (బజారు రుసుం వసూలు చేసుకునే వేలం) ఎవరు పాడుకున్నారు, బండికి ఎంత గుంజుతున్నారు, పొద్దున 900 చేతిలో పెట్టి రాత్రికి 1000 లాక్కునే అప్పు ఎవరిస్తున్నారు, ఇవన్నీ అడిగి రాసుకో. 2020లో వీధి వ్యాపారులకి కేంద్రం పెట్టిన స్వనిధి పథకంలో మొదటి లోను 10,000 అంటే నవ్వినవాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు. ఈ రోజువారీ వడ్డీ లెక్కేసి చూపిస్తే నోరు మూసుకున్నారు.

2014 వీధి వ్యాపారుల చట్టం తెచ్చుకుని చదువు. చిన్నదే. వీధి వ్యాపారం సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్నవాళ్ళే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. వ్యాపారుల సర్వే అయ్యేదాకా ఎవరినీ లేపకూడదు, తర్వాత మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసివ్వాలి. కమిటీ మినిట్స్ పుస్తకం అడిగి చూడు. ఎవరూ కూర్చోకుండానే ఆ పుస్తకాన్ని ఇళ్ళకి పంపి సంతకాలు పెట్టించిన మీటింగులు నాకు తెలుసు. నీ మీటింగు మాత్రం బేరాల వేళ పెట్టకు. మధ్యాహ్నం రెండింటికి, చెట్టు కిందైనా సరే.

ఉద్యోగమంటావా, మొదటి రెండేళ్ళు చిన్న మున్సిపాలిటీలో చెయ్యి, కాంట్రాక్టు పోస్టయినా పర్లేదు. జీతం ఆలస్యంగా వస్తుంది, మీ అమ్మకి చెప్పకు. బడ్జెట్ పుస్తకం చదవడం, కౌన్సిల్ తీర్మానం రాయడం అక్కడే వస్తాయి. అద్దె ఎంత, కేటాయింపు ఎవరి పేరున అన్నది తీర్మానంలో రాయించకపోతే, నువ్వు ముచ్చటపడి కట్టించిన షాపు మూడేళ్ళకి ఏ పెద్దమనిషి బినామీ చేతిలోనో ఉంటుంది. కన్సల్టెన్సీకి ఆ తర్వాత వెళ్ళు.

వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నావుగా, మొజంజాహీ మార్కెట్‌కి వెళ్దాం. 1935 నాటి కట్టడం, 2020లో బాగుచేసి తెరిచారు. రాయి ఎంత తళతళలాడుతోందో అందరూ చూస్తారు. నువ్వు లోపలికెళ్ళి పాత దుకాణాలు ఎన్ని మిగిలాయి, చేతులు మారినవి ఎన్ని, అద్దెలెంత అని అడుగు. ఐస్‌క్రీమ్ నేనిప్పిస్తాలే, పుస్తకం, పెన్ను నువ్వు తెచ్చుకో.

మీ పెద్దమ్మ