వేటకు రేంజ్‌ఫైండర్ కొనేటప్పుడు డబ్బా మీది అంకె చూడకండి

"డల్లాస్ దగ్గర ఉంటాను. ఈ ఏడాదే హంటింగ్ లైసెన్స్ తీసుకున్నాను. కాంపౌండ్ బౌతో మొదలుపెడుతున్నాను. 1000 గజాల లేజర్ రేంజ్‌ఫైండర్ కొనాలా, 2000 గజాలదా?" అని అడిగారు. బాణంతో వేటాడేవాళ్లకు ఈ రెండు అంకెలతోనూ పని లేదండి. మీరు బాణం వదిలేది 30 గజాల లోపు. నేనైతే అంతకు మించి వదలనివ్వను.

ముందు ఆ అంకె సంగతి. రేంజ్‌ఫైండర్ లేజర్ కిరణాన్ని వదిలి, అది దేనికో తగిలి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. డబ్బా మీద 1000 అని పెద్దగా వేస్తారు. అది మెరిసే బోర్డు లాంటి దాని మీద కొట్టినప్పుడు వచ్చే దూరం. వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదివితే చెట్టుకు ఒక అంకె, దుప్పికి ఇంకో అంకె కనిపిస్తాయి. దుప్పిది చాలావాటిలో సగం దగ్గరికి పడిపోతుంది, ఎందుకంటే దాని బొచ్చు కాంతిని పెద్దగా తిప్పి పంపదు. అసలు అంకెను వెనక దాచి, పనికిరాని అంకెను ముందు వేయడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లు అది చూసే డబ్బులు పెడుతున్నారు.

నేను మొదట్లో అసలు కొనలేదు, మా బావమరిది గోల్ఫ్‌కు వాడేది అడిగి తీసుకున్నాను. దూరం కొలిచేది ఏదైనా ఒకటే అనుకున్నాను. ఆ అనుకోవడానికి మూల్యం నేను కట్టలేదు, ఒక ఆడ దుప్పి కట్టింది.

ఆరేళ్ల కిందటి మాట. ఆస్టిన్‌కు పడమరగా హిల్ కంట్రీలో నలుగురం కలిసి ఒక రాంచ్ లీజుకు తీసుకున్నాం. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే కాబట్టి లీజో, తెలిసినవాళ్ల అనుమతో లేకుండా వేట కుదరడం కష్టం. అక్కడ యాక్సిస్ డీర్ అని పిలిచేది వేరే ఏదో కాదు, మన చుక్కల దుప్పే. నల్లమలలో తిరిగేదీ, తెలంగాణ రాష్ట్ర జంతువూ అదే. 1930ల్లో ఇక్కడికి తెచ్చారు. కంచెలు దాటి అడవిలో కలిసిపోయి, ఇప్పుడు ఇక్కడి వైట్‌టెయిల్ దుప్పుల మేత తినేస్తోంది. బయటి జంతువు కాబట్టి దీనికి సీజన్ అంటూ లేదు, లైసెన్సూ భూమి యజమాని అనుమతీ ఉంటే ఏడాదంతా వేటాడొచ్చు. ఇండియా నుంచి చదివేవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, దాన్ని ముట్టుకుంటే జైలే. అలా ఉండటమే సరైనది కూడా.

ఆ సాయంత్రం 12 అడుగుల మంచె మీద కూర్చున్నాను. పొద్దు వాలుతోంది. ఎడమ పక్క మెస్కీట్ చెట్టు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, అవే సన్నటి ఆకులు, అవే ముళ్లు. దాని వెనక ఆడ దుప్పి ఒకటి వచ్చి ఆగింది. చెవులు తప్ప ఏమీ కదపడం లేదు. కొమ్మల సందులోంచి వీపు మీద తెల్ల చుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. రేంజ్‌ఫైండర్ ఎత్తి ఆ చుక్కల మీద పెట్టి నొక్కాను. 34 అని చూపించింది. దాన్ని మెడలో వదిలేసి బౌ అందుకున్నాను. దుప్పి రెండడుగులు పక్కకు వేసి ఖాళీలోకి వచ్చింది. 34 గజాల లెక్కతోనే గురిపెట్టి వదిలాను.

టక్‌మని చప్పుడు వినిపించింది. ఎముకకు తగిలితే వచ్చే చప్పుడు అది. దుప్పి ముందు కాలు ఎత్తి మూడు కాళ్ల మీద పరిగెత్తింది.

అరగంట ఆగి దిగాను. హెడ్‌ల్యాంప్ వెలుగులో తెల్లటి సున్నపురాళ్ల మీద నెత్తుటి చుక్కలు, మొదట అడుగడుగునా, తర్వాత పదడుగులకు ఒకటి, ఆ తర్వాత కంచె తీగ మీద ఒకే ఒక మరక. అవతల వేరేవాళ్ల రాంచ్. ఫోన్ చేస్తే ఆ పెద్దాయన విసుక్కోకుండా వచ్చి గేటు తీశారు. నాతో పాటు రాత్రి 11 దాకా వెతికారు. పొద్దున మళ్లీ వెళ్లాం. దొరకలేదు. ఆ కాలితో అది ఎన్ని రోజులు బతికిందో, ఏ నక్కల పాలైందో. ఇది రాస్తుంటే కూడా ఆ టక్‌మన్న చప్పుడు చెవిలో వినిపిస్తోంది.

పొద్దున మంచె ఎక్కి, దుప్పి నిలబడిన చోటిని మళ్లీ కొలిచాను, ఈసారి కొమ్మలు అడ్డం రాకుండా. 41 వచ్చింది. 34 అన్నది ముందున్న మెస్కీట్ కొమ్మ. సెకనుకు 280 అడుగుల వేగంతో పోయే బాణాన్ని 34 గజాలకు గురిపెట్టి 41 దగ్గరున్న దాని మీద వదిలితే ఆరేడు అంగుళాలు కిందికి దిగుతుంది. గుండెకు పెట్టిన గురి కాలికి తగిలింది.

గోల్ఫ్‌కు చేసింది ముందున్న వస్తువును పట్టుకోవాలని చూస్తుంది. వెనక ఎన్ని చెట్లున్నా జెండా కర్ర దూరం చెప్పాలి కదా, దాని పని అది. వేటలో కావలసింది దానికి తలకిందులు. ముందున్న గడ్డినీ కొమ్మనూ వదిలేసి వెనకున్న దుప్పిని చెప్పాలి. పైగా లేజర్ అంటే సూదిమొనలా పోతుందనుకుంటాం కానీ, రెండు మిల్లీరేడియన్లు, అంటే వెయ్యి గజాలకు రెండు గజాలు, విచ్చుకునే కిరణం 40 గజాలకే దాదాపు మూడు అంగుళాల మచ్చ అవుతుంది. అందులో ఒక్క ఆకు పడినా అంకె మారిపోతుంది. 41 గజాలు వెళ్లి తిరిగి రావడానికి కాంతికి పట్టే సమయం సెకనులో 40 లక్షల వంతు. అంత చిన్న సమయాన్ని తప్పు లేకుండా లెక్కపెట్టే వస్తువు అది. ఏ వస్తువు నుంచి తిరిగొచ్చిందన్నది మాత్రం మనమే చూసుకోవాలి.

కాబట్టి కొనేటప్పుడు మొదట అడగాల్సింది, దూరపు వస్తువును ఎంచుకునే మోడ్ ఉందా అని. కొన్నిటిలో దాన్ని బ్రష్ మోడ్ అంటారు. రెండోది, లోపల అంకెలు ఎర్రగా వెలుగుతాయా, నల్లగా ఉంటాయా? దుప్పులు వచ్చేదే మసక వెలుతురులో. అప్పుడు మెస్కీట్ నీడ మీద నల్ల అంకె అసలు కనిపించదు. ఎర్రదానికి కాస్త ఎక్కువైనా పెట్టండి. బుష్‌నెల్, వోర్టెక్స్, లూపోల్డ్, సిగ్ సాయర్ ఏ కంపెనీదైనా సరే, ఈ రెండూ ఉన్నది చూసుకుని తీసుకోండి.

పెట్టె తెరవగానే గజాల్లో ఉందో మీటర్లలో ఉందో చూడండి. మనం మీటర్లతో పెరిగినవాళ్లం, మీటర్లు కనిపిస్తే అలవాటుగా అలాగే ఉంచేస్తాం. 36 మీటర్లంటే 39 గజాల పైమాట. బౌ మీద గురి చూసే పిన్నులు గజాల లెక్కలో పెట్టుకుని మీటర్లు చదివితే మళ్లీ మూడు అంగుళాలు కిందికి.

వాలు లెక్క కట్టే ఫీచర్ గురించి షాపులో చాలా చెబుతారు. 20 అడుగుల మంచె మీంచి 30 గజాల్లో ఉన్న దుప్పికి, ఏటవాలు దూరానికీ నేల మీది దూరానికీ తేడా గజం కూడా రాదు. కొలరాడో కొండల్లో రైఫిల్‌తో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్తే వేరే మాట, 30 డిగ్రీల వాలులో 400 గజాలు చూపిస్తే గురిపెట్టాల్సింది 346కి. మీకు ఇప్పుడే దాని అవసరం లేదు.

ఇంకో బాధ చెప్పాలి. 700, 800 గజాల నుంచి రైఫిల్‌తో జంతువును కొట్టిన వీడియోలు చూసి మన కుర్రాళ్లు ఆ దూరాల గురించే మాట్లాడుతున్నారు. తగిలిన వీడియోనే పెడతారు. తగలనివీ, కాలు విరిగి పారిపోయినవీ ఎవరూ పెట్టరు. రేంజ్‌ఫైండర్ దూరం చెప్పింది కాబట్టి ఇక కొట్టేయొచ్చన్న ధైర్యం చాలా ప్రమాదకరం. బౌ సంగతే తీసుకోండి. తీగ చప్పుడు 40 గజాలు వెళ్లడానికి సెకనులో తొమ్మిదో వంతు చాలు. బాణానికి పట్టేది అంతకు నాలుగు రెట్లు. ఆ మధ్యలో చుక్కల దుప్పి వంగి పక్కకు దూకేస్తుంది, ఈ విషయంలో వైట్‌టెయిల్ కంటే ఇదే చురుకు. కొలత సరిగ్గా 40 వచ్చినా బాణం వెళ్లేసరికి అది అక్కడ ఉండదు. నా 30 గజాల హద్దు అందుకే.

ఇప్పుడు నేను వాడే పద్ధతి ఇదీ. దుప్పి వచ్చాక రేంజ్‌ఫైండర్ ముట్టుకోను. చెయ్యి కదిలితే చూసేస్తుంది. మంచె ఎక్కగానే, ఇంకా వెలుతురు ఉండగానే చుట్టూ కొలిచేస్తాను. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ఒక్కోదాన్ని మూడుసార్లు. రెండు అంకెలు కలవకపోతే ఏదో అడ్డం వస్తోందని అర్థం, కాస్త జరిగి మళ్లీ కొలుస్తాను. పొగమంచు ఉంటే 10, 15 అని పిచ్చి అంకెలు వస్తాయి, వాటిని నమ్మొద్దు. కొలిచినవన్నీ తెల్ల టేపు మీద రాసి బౌకు అంటిస్తాను. పోయినసారి రాసింది ఇంకా దాని మీదే ఉంది: మేత వేసే ఫీడర్ కాలు 22, తెల్ల బండ 27, లైవ్ ఓక్ చెట్టు 31, గేటు స్తంభం 38.

బ్యాటరీ కూడా చూసుకోండి. చాలావాటికి సీఆర్2 అనే పొట్టి బ్యాటరీ పడుతుంది, ఆ పల్లెల్లో గ్యాస్ స్టేషన్‌లో అడిగితే ఏఏ చేతిలో పెడతారు. ఇంకోటి జేబులో ఉంచుకోండి. ఏసీ కారులోంచి తీసి వెంటనే వాడొద్దు, అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. పావుగంట ముందే బయట పెట్టండి.

పోయిన అక్టోబరులో గేటు స్తంభం పక్కకు ఒక మగ దుప్పి వచ్చింది. రెండున్నర అడుగుల పైన కొమ్ములు, ఆ రాంచ్‌లో అంత పెద్దది నేను ఎప్పుడూ చూడలేదు. పావుగంట పైనే మేసింది. టేపు చూశాను, 38. బౌ కొక్కేనికే ఉంది. చీకటి పడ్డాక, అది వెళ్లిపోయిందని తేల్చుకుని దిగాను.