బోధనాభ్యాసానికి వెళ్తున్నాను, హైస్కూలు పిల్లల అల్లరిని అదుపు చేయడం ఎలా?

మీరు అల్లరి గురించి అడిగారు. టీచరు శిక్షణ పొందుతూ కొత్తగా తరగతిలో అడుగుపెట్టే ఛాత్రోపాధ్యాయుణ్ని అల్లరి కంటే పిల్లల మౌనమే ఎక్కువ ముంచుతుందని నా అభిప్రాయం. ప్రశ్న అడిగాక తరగతంతా ఉలుకూ పలుకూ లేకుండా మనవైపే చూస్తుంటే కాళ్ల కింద భూమి కదిలిపోతుంది. అప్పుడు దాదాపు అందరూ చేసేది ఒకటే, జవాబు తామే చెప్పేసి ముందుకు సాగిపోవడం. రెండు మూడుసార్లు అలా జరిగితే చాలు, కాస్త ఓపిక పడితే టీచరే చెప్పేస్తారని పిల్లలకు తెలిసిపోతుంది. ఇక ఎవరు నోరు విప్పుతారు? విసుగు పుట్టి పక్కవాడితో కబుర్లు మొదలుపెడతారు. మీరు భయపడుతున్న అల్లరి చాలావరకు అక్కడ పుట్టిందే.

శిక్షణలో ఈ మౌనాన్ని ఎదుర్కోవడానికి తర్ఫీదు ఉండదు. సూక్ష్మబోధన అని ఒకటి చేయిస్తారు. 1960లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న పద్ధతి అది. కొద్ది నిమిషాల పాఠం, చిన్న గుంపు, ఒక్కో నైపుణ్యం విడివిడిగా. ఆలోచన మంచిదే. కానీ మాకు విద్యార్థులుగా కూర్చున్నది తోటి ఛాత్రోపాధ్యాయులు. ప్రశ్న పూర్తికాకముందే అందరి చేతులూ లేచేవి, రేపు వాళ్ల వంతు మరి! పద్నాలుగేళ్ల పిల్లలు ఆఖరి పీరియడులో అలా ఉండడం నేనెక్కడా చూడలేదు. ఇక రాత్రంతా మేలుకుని రంగులు వేసే చార్టుల సంగతి ఎత్తకపోవడమే మంచిది. వెనక బెంచీకి అందులో ఒక్క అక్షరమూ కనపడదు.

నాకు బాగా గుర్తున్నది తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పీరియడు. బంతిని నిట్టనిలువుగా విసిరి పట్టుకుని, "పైకి పోవడం అయిపోయి కిందికి దిగబోయే క్షణంలో దీని త్వరణం ఎంత?" అని అడిగాను. త్వరణమంటే వేగం ఎంత త్వరగా మారుతోందన్న లెక్క. ముందు బెంచీ "సున్నా" అంది. మిగతావాళ్లు అదే అందుకున్నారు. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ఎందుకు?" అని మాత్రం అడిగి, సుద్దముక్క బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఎవరో పెన్ను మూత తీసి పెడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను పాఠం మరిచిపోయానేమోనని వెనక కూర్చున్న పరిశీలకులు గొంతు సవరించుకున్నారు. అప్పుడు, ఎప్పుడూ నోటుబుక్కు అంచుల్లో బొమ్మలు గీసుకునే ఒక అమ్మాయి తలెత్తకుండానే అంది: "సున్నా అయితే బంతి అక్కడే ఉండిపోవాలి కదా టీచర్?"

తరగతి రెండుగా చీలిపోయింది. బంతి ఆగింది కాబట్టి సున్నాయే అని కొందరు, సున్నా అయింది వేగమే కదా అని కొందరు. వేగం లేని ఆ క్షణంలోనూ భూమి లాగుతూనే ఉంటుందని చివరికి వాళ్లే తేల్చారు. సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు, కిందివైపు అని బోర్డు మీద రాయడం ఒక్కటే నా వంతు. పరిశీలన పత్రంలో నాకు దక్కిన వ్యాఖ్య "తరగతిలో శబ్దం ఎక్కువ". శబ్దాన్ని కొలిచేవారు అది దేని గురించో కూడా కాస్త వినాలి కదా!

మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే ఈ సంగతి చెప్పారు. పాఠాల రికార్డింగులు పరిశీలిస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సుమారు ఒక సెకను. మూడు సెకన్లో, అంతకు మించో ఆగినప్పుడు పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి. హైస్కూలుకు మూడు చాలవు, పది కావాలంటాను నేను. పదిహేనేళ్ల వయసులో అందరి ముందూ తప్పు చెప్పడమంటే పరువు సమస్య, ధైర్యం కూడగట్టుకోవడానికి ఆమాత్రం వ్యవధి ఇవ్వాలి.

అల్లరి మాటకొస్తే, ఎక్కడినుంచో పేరు పెట్టి అరవకండి. పాఠం ఆపకుండా ఆ బెంచీ దాకా నడిచి వెళ్లి నిలబడండి, చాలాసార్లు అంతకు మించి అక్కర్లేదు. మొదటి రోజే బెంచీల పటం గీసి పేర్లు రాసుకోండి. అయితే ముందు ప్రశ్న, తర్వాత విరామం, ఆ తర్వాతే పేరు. పేరు ముందే పిలిచారా, ఆ ఒక్కరు తప్ప మిగతావాళ్లందరూ ఆలోచించడం మానేస్తారు.