విశాఖలో కథ చెప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి పెద్దత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కార్తీక మాసంలో విశాఖపట్నంలో రెండు రోజులు హరికథ చెప్పడానికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పుడు ఎంత పొంగిపోయానో, మొదటి రోజు కథ సముద్రపు ఒడ్డున ఆరుబయట, రెండో రోజు కథ సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రంలో అని తెలిశాక అంత కలవరపడ్డాను. ఆ వరుసే తారుమారై ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగయ్యేది కాదు.

కథలు చెబుతూ తిరిగిన ఊళ్లన్నింటిలోనూ నాకు విశాఖ మీద ఉన్న మమకారం వేరు. కొండ నేరుగా సముద్రంలోకి దిగిపోయే డాల్ఫిన్స్ నోస్‌ను చూశాక కళ్లు తిప్పుకోవడం కష్టం. రేవు పక్కన మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. తీరిక దొరికితే తప్పక చూడు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నిలబడితే సూర్యుడు నీళ్లలోంచే పైకి వస్తాడు. అయితే కార్తీక స్నానమని చెప్పి ఎవరు పిలిచినా రామకృష్ణా బీచ్‌లో నీళ్లలోకి దిగకు. పైకి శాంతంగా కనిపించే ఆ నీరు కాళ్ల కింది ఇసుకను లాగేసి మనిషిని లోపలికి ఈడ్చుకుపోతుంది. పాదాలు తడుపుకొని వెనక్కి రా. ఈ ఒక్క మాటా నా మీద ఒట్టు అనుకో.

అక్కడి శ్రోతల గురించి కూడా చెప్పాలి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టి పెరిగిన ఉత్తరాంధ్ర అది. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు ఆయనే తొలి ప్రిన్సిపాల్. కాళ్లతో, చేతులతో, తలతో వేర్వేరు తాళాలు ఒకేసారి వేసి చూపిన మహానుభావుడి గురించి తాతల నోట విన్నవాళ్లు నీ ముందు వరుసలో కూర్చుంటారు. పిట్టకథలతో నవ్వించి గట్టెక్కుదామని చూస్తే వాళ్లు మర్యాదగా మౌనం వహిస్తారు. తాళం నిలబెట్టి పద్యాన్ని విడమరిచి పాడితే మాత్రం నెత్తిన పెట్టుకుంటారు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతికి వస్తాను. నాతో కలిసి గురువుగారి దగ్గర కథ నేర్చుకున్న అక్క ఒకావిడ ఉండేది. మా అందరిలోకీ గొంతు ఆవిడదే. నీలాగే ఆవిడా రెండు రోజుల కథకు ఒప్పుకొని మొదటి రోజు ఒడ్డున సీతాకల్యాణం ఎత్తుకుంది. జనం సముద్రానికి వీపు పెట్టి కూర్చునేలా వేదిక కట్టారు కాబట్టి సాయంత్రపు గాలి నేరుగా ఆవిడ ముఖానికే కొట్టింది. ఆ గాలి మైకులో దూరి బుసలు కొడుతుంటే, అలల హోరు శ్రుతిపెట్టెను మింగేసింది. మృదంగం కుడి మూత తేమ పీల్చుకొని శ్రుతి దిగిపోతుంటే, మృదంగం వాయించే పెద్దాయన రాయితో అంచు మీద కొట్టి సరిచేసేవారు. రెండు కీర్తనలు గడిచేలోపే మళ్లీ దిగేది. తన గొంతు తనకే వినపడక అక్క ఇంకా ఇంకా తెరిచి పాడింది. శివధనుర్భంగం దగ్గర తారస్థాయిలో నిలబెట్టేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున ఆవిడ గొంతులోంచి ఆధార షడ్జమం, అంటే మొదటి ‘స’ కూడా పలకలేదు. రెండో రోజు కథ నేను చెప్పవలసి వచ్చింది. అక్క మెడకు శాలువా చుట్టుకొని ముందు వరుసలో కూర్చుంది. ఎక్కడా తప్పకుండా తొడ మీద తాళం వేస్తూనే ఉంది కానీ నా ముఖంలోకి ఒక్కసారి కూడా చూడలేదు. కథ అయ్యాక దగ్గరికి వచ్చి, చెదిరిన నా పూలదండ సర్దింది. మాట్లాడితే గొంతు పగులుతుందని ఇద్దరం మాట్లాడుకోలేదు.

అందుకే చెబుతున్నాను, మొహమాటపడకు. సముద్రం నీ వెనక ఉండేలా వేదిక కట్టమని ఇప్పుడే నిర్వాహకులకు రాయి; అప్పుడు గాలి నీ మాటను జనం వైపు మోస్తుంది. మైకుకు స్పాంజి తొడుగు వేయించు. నీ గొంతు నీకు వినపడేలా కాళ్ల దగ్గర ఒక స్పీకరు పెట్టించు. ఐదున్నర శ్రుతికి పాడే దానివి, ఆ ఒక్క సాయంత్రానికి ఐదుకు దిగితే నీ పరువేమీ పోదు. ఆ శ్రుతికి సరిపోయే మృదంగాలే రెండు తెమ్మను. కథ మొదలయ్యే దాకా వాటి సంచి విప్పనివ్వకు. వచనం ఎక్కువగా ఉన్న కథను మొదటి రోజుకు పెట్టుకో. తేమకు వేదిక చెక్కలు జారతాయి, గజ్జెలు కట్టి అడుగు వేసేదానివి కాబట్టి జంపఖానా పరిపించి అంచులు మేకులతో బిగించమను. రెండో రోజు హాల్లో ఏసీ వేస్తే ఇదంతా తలకిందులవుతుంది: చర్మం ఆరి బిగుసుకుంటుంది, మృదంగం శ్రుతి పైకి పోతుంది. వాద్యాలను ముందుగానే వేదిక మీదికి చేర్చి ఆ చలికి అలవాటు పడనివ్వండి.

కార్తీకం తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ ఊరిని ఎలా ఊడ్చేసిందో నువ్వూ టీవీలో చూశావు. బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకో.

అన్నీ అయ్యాక ఒక రోజు ఉండి, బీచ్ రోడ్డు వెంబడి భీమిలి దాకా వెళ్లి రా. దారిలో తొట్లకొండ మీది బౌద్ధ ఆరామం శిథిలాలు చూడు. మీ మామయ్యకూ నాకూ అది ఎంతో ఇష్టమైన దారి. మొదటి రోజు కథ అయ్యాక మాత్రం నాకు ఫోన్ చేయకు. ఎంత బాగా జరిగినా సరే, రెండు ముక్కలు మెసేజ్ పెట్టి, వేడినీళ్లు తాగి నోరు మూసుకొని పడుకో. రెండో కథ ముగిసిన రాత్రి ఎంత పొద్దుపోయినా మేలుకొనే ఉంటాను, అప్పుడు అంతా చెబుదువుగాని.

ఇట్లు,
నీ పెద్దత్తయ్య